కరోనా కాలాన్ని రాయించాలంటే డబ్బు ఎలా అడగాలి?

తెలంగాణ ఐటీ ఎగుమతుల విలువ 2019-20లో 1,28,807 కోట్ల రూపాయలు. కరోనా మీదపడ్డ మరుసటి ఏడాది, 2020-21లో, అది 1,45,522 కోట్లకు పెరిగింది. ఉద్యోగుల సంఖ్య 5,82,126 నుంచి 6,28,615కి చేరింది. ఊళ్లో వరండాలో కుర్చీ వేసుకుని, మాదాపూర్ అద్దెగదిలో మంచం మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేసిన మీలాంటి లక్షల మంది కష్టం ఆ అంకెల వెనక ఉంది.

అదే ఏడాది, మిమ్మల్ని రోజూ ఇంటి ముందు ఎక్కించుకుని రాయదుర్గంలో దించిన క్యాబ్ డ్రైవరు ఎలా బతికాడు? అంజయ్య నగర్‌లో భవనం లీజుకు తీసుకుని హాస్టల్ నడిపే మనిషి, గదులన్నీ ఖాళీ అయ్యాక ఓనరుకు కిరాయి ఎక్కడి నుంచి తెచ్చి కట్టింది? మీ ఫ్లోరు తుడిచిన హౌస్‌కీపింగ్ అమ్మ ఆఫీసు మూతపడ్డ నెలల్లో ఏ పనికి పోయింది? ఎగుమతుల పట్టికలో వీళ్లకు గడి లేదు.

ఈ పుస్తకంలో ఇంతవరకూ మీ సమయం గురించి, మీ జీతం గురించి మాట్లాడుకున్నాం. ఈ అధ్యాయం మీ పలుకుబడి గురించి. హైటెక్ సిటీలో పదేళ్లు పనిచేసిన మనిషికి తనకే తెలియని పలుకుబడి ఒకటి ఉంటుంది. కంపెనీలో డబ్బు ఎక్కడుందో, దాన్ని ఎవరు మంజూరు చేస్తారో, ఏ మాటకు వాళ్లు చెవి పెడతారో అతనికి తెలుసు. సామాజిక శాస్త్రాలు, చరిత్ర, సాహిత్యం చదివిన పరిశోధకుడికి తెలియనిది సరిగ్గా అదే. కరోనా మన మనుషుల్ని ఏం చేసిందో పద్ధతిగా రాయించే పనికి మీరు డబ్బు తేగలరు. ఎలాగో చెబుతాను.

ముందు, ఎందుకో మీకు తెలియాలి

అడిగేవాడికి తాను అడుగుతున్నది ఎందుకో గట్టిగా తెలియకపోతే ఎదుటివాళ్లు ఇవ్వరు. కాబట్టి మన కారిడార్‌లోనే జరిగిన సంగతులతో మొదలుపెడదాం.

2020 మార్చి 4న మైండ్‌స్పేస్‌లోని 20వ నంబరు భవనం ఒకే ఒక్క అనుమానిత కేసుతో ఖాళీ అయింది. తర్వాత పరీక్షలో నెగెటివ్ వచ్చింది. మార్చి 25న హాస్టళ్లు ఖాళీ చేయమన్నారని వందల మంది పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు ఎన్‌ఓసీల కోసం బారులు తీరారు. కాగితం చేతికి వచ్చినవాళ్లు బైకుల మీద, కార్లలో బయల్దేరి జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయారు. వెనక్కి వస్తే హాస్టల్ లేదు, ముందుకు పోతే ఆంధ్రప్రదేశ్ రానివ్వదు. మే 1న తెల్లవారకముందే, 4.50కి, లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు ఒక రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో వలస కార్మికుల కోసం దేశం మొత్తమ్మీద నడిచిన మొట్టమొదటి ప్రత్యేక రైలు అదే. 24 బోగీల్లో దాదాపు 1,200 మంది. చాలామంది కందిలో ఐఐటీ ప్రాంగణంలో నిర్మాణ పనులు చేసినవాళ్లు. ఇళ్లకు పంపమని, కూలి డబ్బులు ఇప్పించమని రెండు రోజుల ముందే రోడ్డెక్కినవాళ్లు.

ఆ స్టేషన్‌కు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. 1974లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయంలో సమాజ శాస్త్రం, చరిత్ర, మానవ శాస్త్రం, తెలుగు అన్నీ ఉన్నాయి. దాని చుట్టుపక్కలే మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ. బేగంపేటలో ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం, అదే సెస్. ప్రశ్నలు అడగడం తెలిసిన మనుషులకు ఈ నగరంలో కొదవ లేదు. కొదవల్లా వాళ్లని నెలల తరబడి బస్తీల్లో తిప్పే డబ్బుకే.

రాసిపెట్టకపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 1911 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాజ్యంలో 1 కోటి 33 లక్షల మంది ఉంటే, 1921కి అది దాదాపు 1 కోటి 25 లక్షలకు పడిపోయింది. మధ్యలో ప్లేగు, కరువు, 1918 ఇన్‌ఫ్లూయెంజా వచ్చిపోయాయి. ఇంత పెద్ద తగ్గుదల వెనక ఉన్న ఇళ్లలో ఏం జరిగిందో చెప్పే గొంతులు మన చేతికి ఎన్ని అందాయి? అంతకు వందేళ్ల ముందరి మాట చూడండి. 1813లో అంటువ్యాధి ప్రబలినప్పుడు ఉజ్జయినిలో సైన్యంతో ఉన్న సురిటి అప్పయ్య అమ్మవారికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో సికింద్రాబాద్‌లో ఆ అమ్మవారిని ప్రతిష్ఠించాడని లష్కర్ బోనాల కథ ఈనాటికీ చెప్పుకుంటారు. లెక్కలో మనిషి మిగల్లేదు. కథలో పేరుతో సహా మిగిలాడు. మనకు రెండూ కావాలి.

2020 సెప్టెంబరులో, లాక్‌డౌన్‌లో దారిలో చనిపోయిన వలస కార్మికులు ఎందరని పార్లమెంటులో అడిగితే, అలాంటి వివరాలు తమ దగ్గర లేవని కేంద్ర కార్మిక శాఖ రాతపూర్వకంగా చెప్పింది. అసంఘటిత కార్మికుల నమోదుకు ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది 2021 ఆగస్టు 26న. అప్పటికి రెండు అలలూ దాటిపోయాయి.

అప్పట్లో ఈ లోటును కొంతైనా పూడ్చినవాళ్లలో స్ట్రాండెడ్ వర్కర్స్ యాక్షన్ నెట్‌వర్క్ అనే స్వచ్ఛంద బృందం ఒకటి. చిక్కుకుపోయిన కార్మికుల ఫోన్లు ఎత్తుతూ, సాయం అందిస్తూ, ప్రతి కాల్‌లో చెప్పిన సంగతిని నమోదు చేసుకుంటూ పోయారు. 2020 ఏప్రిల్ 15కే 11,159 మంది వివరాలతో నివేదిక బయటపెట్టారు. అప్పటికి వాళ్లలో 96 శాతానికి ప్రభుత్వ రేషన్ అందలేదు. ఇక్కడ మన ప్రభుత్వం వలస కార్మికుడికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. మంచి నిర్ణయం. అది ఎవరికి చేరింది, చేరనివాళ్ల దగ్గర ఏ కాగితం లేదు, ఎవరి మాట చెల్లింది? ప్రకటనకూ పళ్లేనికీ మధ్య జరిగేదాన్ని వెలికితీయడమే సామాజిక శాస్త్రం పని. వచ్చేసారి ఉత్తర్వు రాసే అధికారికి అది కావాలి.

చట్టంలో ఉన్న ఖాళీ, దాని పక్కనే ఉన్న తలుపులు

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. మనం సీఎస్ఆర్ అంటున్నది ఇదే. ఏయే పనులకు ఖర్చు చేయవచ్చో ఏడో షెడ్యూల్ చెబుతుంది. అందులో పరిశోధనకు ఒక అంశం ఉంది, తొమ్మిదోది. దాన్ని జాగ్రత్తగా చదవండి: సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, వైద్యం. అంతే. చరిత్ర లేదు, సమాజ శాస్త్రం లేదు, భాష లేదు. 2020 ఆగస్టులో నిబంధనలు సడలించినప్పుడు కూడా కోవిడ్ టీకాలు, మందులు, వైద్య పరికరాల పరిశోధనకే వీలు కల్పించారు.

టీకాకు డబ్బు పెట్టడం తప్పని ఏ బుద్ధిమంతుడూ అనడు. జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అనుమతి వస్తే మనమంతా సంతోషించాం. ఆ టీకా వేయించుకోవడానికి భయపడ్డవాళ్లు ఎందుకు భయపడ్డారో తెలుసుకోవడం కూడా ఆ పనిలో భాగమే కదా. బ్రిటన్‌లో ఈ ఆలోచన ముందే వచ్చింది. అక్కడి ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్ రీసెర్చ్ కౌన్సిల్ కోవిడ్ మీద కళలు, మానవీయ శాస్త్రాల పరిశోధనలకు నిధులిచ్చి, వాటన్నిటినీ కలిపే బాధ్యతను ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. మన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) కూడా 2020లో కోవిడ్ సామాజిక కోణాల మీద ప్రత్యేకంగా దరఖాస్తులు పిలిచింది. 1969 నుంచి ఉన్న సంస్థ అది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. మీకు తెలిసిన పరిశోధకులుంటే అక్కడి పిలుపుల మీద ఓ కన్నేసి ఉంచమనండి. 2023లో చట్టంగా వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ పరిధిలోనూ మానవీయ, సామాజిక శాస్త్రాలు సాంకేతికతతో కలిసేచోట చోటుంది. ట్రిపుల్ ఐటీ ఏళ్లుగా భారతీయ భాషల సాంకేతికత మీద పనిచేస్తోంది. తెలుగు మాటను అక్షరాల్లోకి ఎత్తే పనినీ, కరోనా జ్ఞాపకాల సేకరణనూ జోడించి అడిగితే వినేవాళ్లు ఉంటారని నా నమ్మకం.

ఇక మీ కంపెనీ సంగతి. తొమ్మిదో అంశం తలుపు మూసి ఉంటే మూడోదీ పన్నెండోదీ తట్టండి. మూడోది సామాజికంగా, ఆర్థికంగా వెనకబడిన వర్గాల అసమానతలు తగ్గించడం. పన్నెండోది విపత్తు నిర్వహణ, పునరావాసం. వారసత్వం, సంస్కృతి, గ్రంథాలయాలకు ఐదో అంశం ఉంది. మౌఖిక చరిత్ర భాండాగారం దాని కిందికి వస్తుందని వాదించవచ్చు. ఏడో షెడ్యూల్‌ను విశాల దృష్టితో చదవాలని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖే 2014 జూన్ 18 సర్క్యులర్‌లో చెప్పింది. ఆ సర్క్యులర్ కాపీ మీ లేఖకు జత చేయండి. సీఎస్ఆర్ అధికారికి ధైర్యమిచ్చేది అలాంటి కాగితమే.

ఒక జాగ్రత్త. కంపెనీ సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పని సీఎస్ఆర్ కిందికి రాదు. కాబట్టి వర్క్ ఫ్రమ్ హోమ్‌లో మీ టీమ్ ఒత్తిడి మీద సర్వే పెడతామంటే కుదరదు. డ్రైవర్లు, హాస్టళ్లు, మెస్సులు, కాపలాదారులు, కట్టడపు కూలీల మీద పెడితే కుదురుతుంది. నన్నడిగితే అదే సరైనది కూడా.

పెద్ద కంపెనీల్లో ఇంకో తలుపుంది. సగటున 10 కోట్లు, అంతకు మించి సీఎస్ఆర్ బాధ్యత ఉన్నవాళ్లు, కోటి రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టుల ప్రభావాన్ని స్వతంత్ర సంస్థతో అంచనా వేయించాలి. 2022 సవరణ ప్రకారం అందుకు మొత్తం సీఎస్ఆర్ ఖర్చులో 2 శాతం, లేదా 50 లక్షలు, ఏది ఎక్కువైతే అంతవరకు పెట్టవచ్చు. ఈ డబ్బు ఎక్కువగా పట్టికలు, ఫొటోలు నింపిన నివేదికలకు పోతోంది. పంపిణీ చేసిన కిట్లెన్నో లెక్కపెట్టి ఊరుకోకుండా, వాటిని అందుకున్న ఇళ్లకు వెళ్లి మాట్లాడే అధ్యయనం చేయించమని అడగండి. కంపెనీకి అదనపు ఖర్చేమీ ఉండదు.

ఇవేవీ కుదరకపోతే మీరూ మీ స్నేహితులూ కలిసి ఇవ్వవచ్చు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో సామాజిక శాస్త్ర పరిశోధనకు ప్రత్యేకంగా చోటు పెట్టారని చాలామందికి తెలియదు. 35(1)(iii) కింద ఆమోదం పొందిన సంస్థకు జీతగాడు ఇచ్చే విరాళానికి 80జీజీఏ కింద నూరు శాతం మినహాయింపు ఉండేలా రాశారు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది. 2,000 రూపాయలు దాటితే నగదుగా ఇవ్వకూడదు. 2025లో ఆమోదించిన కొత్త చట్టాన్ని 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా తెచ్చారు, సెక్షన్ల నంబర్లు మారాయి. డబ్బు పంపే ముందు మీ ఆడిటర్‌ను ఒక మాట అడగండి.

లేఖలో ఏం రాయాలి

ఒక్క పేజీ చాలు. మొదటి పేరాలో ప్రశ్న ఉండాలి. “కరోనా ప్రభావంపై సమగ్ర అధ్యయనం” అని రాశారా, చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు. “2020 మార్చి నుంచి 2021 డిసెంబరు దాకా మన ఆఫీసులకు బళ్లు తిప్పిన డ్రైవర్లు బండి ఈఎంఐ ఎలా కట్టారు, ఎంతమంది బండి వదులుకున్నారు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు” అని రాయండి. అది చదివిన మేనేజరుకు తన డ్రైవరు ముఖం గుర్తొస్తుంది.

రెండో పేరాలో ఎవరు చేస్తారో చెప్పండి. విశ్వవిద్యాలయ విభాగమో, గుర్తింపు ఉన్న సంస్థో బాధ్యత తీసుకోవాలి. విశ్వవిద్యాలయమైనా, ట్రస్టైనా, స్వచ్ఛంద సంస్థైనా దానికి సీఎస్ఆర్-1 నమోదు ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే మంజూరైన డబ్బు కూడా కదలదు. అన్నిటికన్నా ముఖ్యం, మార్చి నెలలో వెళ్లకండి. వార్షిక ప్రణాళిక ఆర్థిక సంవత్సరం మొదట్లోనే ఖరారవుతుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిల్లోనే మాట వేసి ఉంచాలి.

మూడోది బడ్జెట్. ఇక్కడే చాలా మంచి ప్రతిపాదనలు కూలిపోతాయి, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ముప్పై మందితో రెండేసి సార్లు, సారికి గంటన్నర మాట్లాడారనుకుందాం. తొంభై గంటల రికార్డింగు. గంట మాటను అక్షరాల్లోకి ఎత్తాలంటే ఆరు గంటలు పడుతుంది. అంటే 540 గంటల పని. గంటకు 200 చొప్పున 1,08,000. పరిశోధక సహాయకుడికి నెలకు 35,000 చొప్పున ఎనిమిది నెలలకు 2,80,000. మాట్లాడినవాళ్లకు కూర్చున్న ప్రతిసారీ 700 చొప్పున 42,000. తిరగడానికి, రికార్డర్‌కు 20,000. భద్రపరచడానికి 25,000. చివర్లో చిన్న తెలుగు పుస్తకం వేయడానికి 50,000. మొత్తం 5,25,000. సంస్థ నిర్వహణ ఖర్చు 5 శాతం కలిపితే 5,51,250. సగటున 5 కోట్ల లాభమున్న కంపెనీకి 2 శాతమంటే 10 లక్షలు. సీఎస్ఆర్ పరిధిలోకి వచ్చే చిన్న కంపెనీ కూడా ఇంత అధ్యయనాన్ని ఒంటిచేత్తో చేయించగలదు. యాభై మంది కలిస్తే మనిషికి 11,025.

బడ్జెట్ తగ్గించమంటే మాట్లాడినవాళ్లకు ఇచ్చే డబ్బులో మాత్రం కోత పెట్టనివ్వకండి. మూడు గంటలు మీతో కూర్చున్న డ్రైవరు మూడు గంటల ట్రిప్పులు పోగొట్టుకున్నాడు. తెలుగు పుస్తకం ఖర్చు కూడా వదలకండి. తన మాట తన చేతికి అచ్చయి తిరిగి రావాలి.

అడిగే తీరు

డబ్బిచ్చి ఊరుకోకండి, ఒకట్రెండు సార్లు పరిశోధకుల వెంట వెళ్లండి. తలుపులు మీ పరిచయంతో త్వరగా తెరుచుకుంటాయి. “కోవిడ్ మీ జీవనోపాధిపై ఎలాంటి ప్రభావం చూపింది?” అని అడిగితే “ఏముంది సార్, అందరికీ అయినట్టే” అనే జవాబొస్తుంది. “అన్నా, లాక్‌డౌన్‌కు ముందు నీ ఆఖరి ట్రిప్పు ఎవరిది? ఎక్కడ దించినవ్?” అని అడగండి. ఆ తర్వాత “బండి ఈఎంఐ ఏ తారీఖున పడేది? మారటోరియం సంగతి నీకెవరు చెప్పిండ్రు?” రిజర్వ్ బ్యాంకు 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆపుకోవచ్చంది, కానీ వడ్డీ ఆగలేదు. ఆ సంగతి డ్రైవరుకు ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది అనే ఒక్క ప్రశ్నే ఒక అధ్యయనానికి సరిపోతుంది.

హాస్టల్ నడిపే అక్క దగ్గరికి వెళ్తే ముందు రిజిస్టరు ఉందేమో అడగండి. పొడుగాటి లెడ్జరు పుస్తకంలో పేరు, ఊరు, కంపెనీ, తండ్రి ఫోన్ నంబరు, చేరిన తేదీ, అడ్వాన్స్, ఖాళీ చేసిన తేదీ అని గళ్లు గీసి ఉంటాయి. 2020 మార్చి పేజీ తీయించండి. ఖాళీ చేసిన తేదీ గడిలో ఏమైనా ఉందా? ఉంటే ఎవరి చేతిరాత? అడ్వాన్స్ అంకెను కొట్టేసి పక్కన వేరే అంకె వేసి ఉందా? వేలు పెట్టి చూపించి, “ఈ అబ్బాయి సంగతేంటక్కా?” అని అడిగి మాట్లాడకుండా కూర్చోండి. బకెట్టూ పరుపూ వదిలేసి పోయినవాళ్లు, మధ్యలో కిరాయి గొడవలు, తల్లిదండ్రుల ఫోన్లు, వంటమనిషిని పంపించేసిన రోజు, అన్నీ ఆ పేజీలోంచే బయటికొస్తాయి. ఆ పేజీని ఫొటో తీసుకోవాలంటే పిల్లల పేర్లు, నంబర్లు కప్పేసి తీసుకోండి.

రికార్డు చేసే ముందు అనుమతి తెలుగులో చదివి వినిపించాలి. మధ్యలో వద్దంటే ఆపేయాలి, తర్వాత తీసేయమంటే తీసేయాలి. మనిషి పోయిన ఇంట్లో మాట్లాడుతుంటే గంటన్నర లెక్క పెట్టుకోకండి. రాసేటప్పుడు “పోయినం” అన్నది “వెళ్లాము”గా దిద్దకండి. పాలమూరు డ్రైవరు మాట పాలమూరు మాటగానే ఉండాలి. శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రీది శ్రీకాకుళం మాటగానే ఉండాలి.

ఐదేళ్లు దాటిపోయాయి. చాలా హాస్టళ్లు చేతులు మారాయి, రిజిస్టర్లు పాతకాగితాల వాడికి పోతున్నాయి, ఆనాటి వాట్సాప్ సందేశాలు ఫోన్ మార్చినప్పుడల్లా చెరిగిపోతున్నాయి. మీ కంపెనీలో సీఎస్ఆర్ చూసేవాళ్లెవరో ఈ వారంలోనే కనుక్కోండి. సెంట్రల్ యూనివర్సిటీకో సెస్‌కో వెళ్లి ఈ పని చేయగల ఒక పరిశోధకుణ్ణో పరిశోధకురాలినో పలకరించండి. ఇద్దర్నీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టండి. ఆ పేజీ లేఖ మీరే రాసి, మీ పేరుతోనే ఇవ్వండి.